ఏరు కడిగిన ఖర్చు

ఉప్పుటేటి మీద బూడిద తెట్టు కట్టిన కొన్నాళ్లకు, ఒక ఆదివారం, ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఎలిశబెతు వాకిట్లో, బొగ్గు కాల్చి కరెంటు తీసే కంపెనీ కారు ఆగి ఉంది.

ఆ ఏట్లో పీతలు పట్టి, నెల్లూరులో అమ్మి, పిల్లలిద్దరినీ చదివించిన మనిషి ఆమె. ఇప్పుడు ఏట్లో పీత లేదు. బోరు నీళ్లు నోట పెట్టలేరు. ఊరి తరఫున చెన్నైలోని పర్యావరణ కోర్టులో కేసు వేసిందీ ఆమే.

మేనేజరు కిషోర్ బాబు మర్యాదగానే మొదలుపెట్టాడు. "రాజీ పడదామమ్మా. ఇంటికి యాభై వేలు. కేసు వెనక్కి తీసుకుంటామని ఒక్క సంతకం."

"మరి ఏరు?"

"ఏరు తవ్వించాలంటే కోట్లవుతుంది. అయినా మా బూడిద చెరువు గట్టు తెగింది వానకి. వాన కురిస్తే మేమేం చేస్తాం?"

"వలేస్తే బూడిదే పైకొస్తా ఉంటే, ఆ యాభై వేలు ఎన్నాళ్లు తింటాం సార్?"

కారు వెళ్లిపోయాక సగం ఊరు ఆమె మీద విసుక్కుంది. ఎలిశబెతు ఎవరినీ తప్పు పట్టలేదు. అందరి ఇళ్లలోనూ పొయ్యి వెలగాలి కదా.

ఆ సాయంత్రం తమ్ముడు సుశీల్ కుమార్ వచ్చాడు. కంపెనీ బూడిద చెరువు దగ్గర కాంట్రాక్టు పని అతనిది. ఏరు పాడైనప్పటి నుంచి అక్క ముఖం సరిగ్గా చూడలేదు.

"గట్టు తెగలేదక్కా," అన్నాడు. "చెరువు నిండిపోతా ఉండాదని వానలో తూము ఎత్తించినారు. నేను పక్కనే ఉండా."

ఎలిశబెతుకు కోపమూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మరదలు షారన్‌కు నెలలు నిండుతున్నాయి.

"బయట చెప్తే నీ పని పోద్దిరా."

"షారన్‌కి చెప్పే వచ్చినా. పోయి చెప్పమనింది."

చెన్నైలో కంపెనీ లాయరు వాన గురించి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత సుశీల్ లేచాడు. తూము ఎవరు ఎత్తమన్నారో పేరు పెట్టి చెప్పాడు.

"పని పోయిన కోపంతో చెబుతున్నావు కదూ?" లాయరు అడిగాడు.

"పని పోలేదు సార్. ఇయ్యాళ సెలవు పెట్టి వచ్చినా."

వెనక కూర్చున్న ఎలిశబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

కోర్టు పంపిన నిపుణులు చెరువు చుట్టూ తిరిగి చూశారు. తెగిందన్న గట్టు మీద పూడ్చిన కొత్త మట్టి ఎక్కడా లేదు. పాత గడ్డి వేళ్లు దిగి అలాగే ఉంది.

అంతే, కంపెనీయే రాజీకి పరుగెత్తుకొచ్చింది. ఈసారి వాకిట్లో కాదు, జడ్జిగారి ముందు. జరిమానా, ఏరు తవ్వే ఖర్చు, చెరువు అడుగున నీరు దిగని పొర, ఊరికి మంచినీళ్లు, చేపల వేట పోగొట్టుకున్న కుటుంబాలకు పరిహారం. ఒక్కొక్కటీ చేరుతుంటే కిషోర్ బాబు నుదురు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇక సంతకం పెట్టండమ్మా," అన్నాడు కంపెనీ లాయరు.

"మా తమ్ముణ్ణి పనిలోంచి తియ్యబోమని కూడా రాయండి సార్."

లాయరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు పైకప్పు వైపు చూశాడు. ఎలిశబెతు పెన్ను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకు కూర్చుంది. చివరికి ఆ మాటా రాశారు. అప్పుడు పెట్టింది సంతకం, పెద్ద అక్షరాలతో.

పొక్లెయిన్లు ఏట్లో దిగిన రోజు, విసుక్కున్నవాళ్లతో సహా ఊరంతా ఒడ్డున నిలబడింది. లారీలకు లారీలు బూడిద తరలిపోయింది. ఒక వానాకాలం గడిచి, ఏటికి మళ్లీ దాని రంగు వచ్చింది.

ఒక పొద్దున ఎలిశబెతు మోకాటి లోతు నీళ్లలో దిగి వల లాగింది. బరువుగా వచ్చింది. చెయ్యి పెట్టీ పెట్టగానే కెవ్వున అరిచింది.

పనికి పోతున్న సుశీల్ సైకిల్ ఒడ్డున పడేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏందక్కా, ఏమైంది?"

ఆమె వేలికి వేలాడుతున్న పీతను పైకెత్తి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది.

"కరిచిందిరా! చూడరా, ఎట్టా కరిచిందో!"