రెండో కొక్కెం

నేను ఒక పట్టీని. కాలికి పెట్టుకునే పట్టీని కాదు. బారెడు పొడవున బిగువుగా నేసిన నైలాను పట్టీని. రెండు చివర్లా రెండు ఉక్కు కొక్కేలున్నాయి. ఒకటి మనిషి నడుముకి, రెండోది పడవకి. అంతే నా పని. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కించలేక నేను పడ్డ విసుగు ఎవరితో చెప్పుకోను?

ఫ్యాక్టరీలో ఇనప దిమ్మలు వేలాడదీసి, తెగనని తేల్చుకుని నన్ను బయటికి పంపారు. మొదట కొన్నాయన పడవ పందేల మనిషి. నన్ను తగిలించుకుంటే తోటివాళ్ళు నవ్వుతారట. అందుకని నా మీద తడి తువ్వాళ్ళు ఆరేశాడు, సోడా పెట్టె జారకుండా నాతో కట్టాడు. ప్రాణం జారినా పరవాలేదు గానీ సోడాలు జారకూడదు మరి.

ఆయన తన యాట్‌ని విశాఖలో కెప్టెన్ సోమయాజులు గారికి అమ్మాడు. దాంతోపాటే నేనూ వెళ్ళాను. ఓడల్లో చేసి రిటైరైన సోమయాజులు గారు ఆ తెరచాప పడవని పోర్ట్ బ్లెయిర్ చేర్చి, అక్కడ యాత్రికుల్ని తిప్పాలనుకున్నారు. తెరచాపల పనికి లోవరాజు, వంటకి అతని భార్య నూకరత్నం కుదిరారు. వాళ్ళ మూడేళ్ళ కూతురు పైడిని వదిలి రావడానికి మనిషి లేదు. అలా నేను పైడి నడుముకి వచ్చాను.

చేపల వేట కుటుంబంలో పుట్టినా రత్నం ఏనాడూ సముద్రం మీదికి వెళ్ళలేదు. వాళ్ళలో మగవాళ్ళు వేటకి పోతే ఆడవాళ్ళు ఒడ్డున గంపలతో చూస్తూంటారు. తీరం కనుమరుగు కాగానే ఆమె చేసిన మొదటి పని, నా రెండో కొక్కేన్ని పడవ రింగులోంచి తీసి, కెప్టెన్ తన నడుముకి కట్టించిన బెల్టుకి తగిలించుకోవడం.

"రత్నం, అది పడవకి తగిలించాలమ్మా," అన్నారు కెప్టెన్.

"నాకుంటే పడవకున్నట్టే కదా బాబుగారూ."

"నువ్వు పడితేనో?"

"నానెందుకు పడతాను, కూకునే ఉన్నాను కదా."

ఆయన అటు తిరగ్గానే మళ్ళీ అదే పని. కొక్కెం ఊడిందేమోనని లాగి చూస్తుంది. ఊడలేదని మళ్ళీ లాగి చూస్తుంది. పైడి నన్ను చప్పరిస్తుంది, బిస్కెట్ ముద్ద పూస్తుంది, నా మీదే వాంతి చేసుకుంటుంది. ఉప్పునీళ్ళతో కడుగుతారు, నేను అట్టలా బిగుసుకుపోతాను. ఏ తాడైనా ఎన్నని భరిస్తుంది?

"గుంటని ఊపిరాడనియ్యే," అని లోవరాజు విసుక్కున్నాడు. "పడవని నమ్మవేటి?"

ఆమె కొక్కెం ఇంకోసారి లాగి చూసింది. "మా అయ్య నమ్మినాడు. పడవ ఒడ్డుకొచ్చినాది. అయ్య రాలేదు."

లోవరాజు తెరచాప తాడు బిగించడానికి వెళ్ళిపోయాడు.

మూడోనాడు గాలి ముదిరింది. పడవ ఒక పక్కకి ఒరిగి పరుగెత్తుతోంది. జారిన పైడి టోపీ అందుకోవడానికి రత్నం లేచింది. సరిగ్గా అప్పుడే పక్కనించి పెద్ద కెరటం కొట్టింది. ఆమె వెల్లకిలా జారి, రెయిలింగ్ తీగల కిందనించి మోకాళ్ళ దాకా బయటికి పోయింది. ఆమె వెనక పైడి. పిల్లని అటు లాగుతున్నది కెరటం కాదు, నేను. తెగకుండా ఉండటమొక్కటే నాకు నేర్పారు. ఎవరికి తగిలిస్తే ఎవరు మునుగుతారో నేనేం చెప్పగలను?

లోవరాజు గెంతి నన్ను నడిమికి పట్టుకున్నాడు. అరచేయి ఒరుసుకుపోయింది, అయినా వదల్లేదు. ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో కెప్టెన్ పైడి గౌను దొరకబుచ్చుకున్నారు. ఇద్దరినీ లోపలికి లాగాక ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. పైడి మాత్రం టోపీ కోసం ఏడ్చింది.

కాసేపటికి లోవరాజు మెల్లిగా అన్నాడు. "రత్నం, మీ అయ్య రాలేదు, నిజమే. పడవ వచ్చినాది కదే. అందుకే దానికి కట్టమంటన్నాం."

రత్నం పిల్లని ఒళ్ళోంచి దించలేదు. చాలాసేపు నా కొక్కెం పట్టుకుని కూర్చుంది. తర్వాత తన బెల్టునించి తీసి, పడవ రింగుకి తగిలించింది. లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది. ఈసారి నాకు విసుగు రాలేదు. కెప్టెన్ తెచ్చిచ్చిన ఇంకో పట్టీని తన నడుముకి తగిలించుకుంది. ఖాళీ అయిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక, కొంగు కొస చుడుతూ విప్పుతూ కూర్చుంది.

పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద దిగాక, అలవాటు తప్పిన నేల పైడికి ఊగుతున్నట్టనిపించింది. రెండడుగులు వేసి తూలి, కూలబడి, నన్ను చూసుకుంది. నా రెండో కొక్కెం నేల మీద ఈడుస్తూ తల్లి దగ్గరికి వచ్చి, ఆమె బెల్టుకి తగిలించింది.

"అమ్మా, పడిపోతావు," అంది. లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది.

సముద్రమంతా దాటి నేర్పినదంతా గంగలో కలిసింది. రత్నం నవ్వుతూ కొక్కెం తీయబోయి, తీయలేదు. అలాగే గేటు దాకా నడిచారు, మధ్యలో నేను వదులుగా.