పెళ్లి మర్నాటి నాష్తా

పెళ్లి మర్నాడు పొద్దున్నే ఆడపిల్లవాళ్లు మగపెళ్లివారింటికి నాష్తా పట్టుకెళ్లాలి. లాహోర్‌లో పుట్టినవాడికెవడికీ ఇది నేర్పక్కర్లేదు. మా వియ్యాలవారు మాత్రం డిఫెన్స్ కాలనీలో కలవారి మధ్య మేడ కట్టగానే పుట్టిన ఊరు మర్చిపోయినట్టున్నారు.

మా బావ దస్తగీర్ తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మోచీ గేటులో నిహారీ దుకాణం ముందు నిలబడ్డాడు. మా అక్క పోయాక కూతురు మెహనాజ్‌ను ఒంటిచేత్తో పెంచినవాడు. పూరీలు, సూజీ హల్వా, శనగల కూర కూడా కట్టించాడు. దేగ్చీ నిండా రాత్రంతా ఉడికిన మాంసపు నిహారీ, అందులో తనే ఏరి వేయించుకున్న మూలుగ ఎముకలు.

"అత్తారింట్లో పిల్లకి మొదటి పొద్దు, షగుఫ్తా. మనం పట్టుకెళ్లే నాష్తాని బట్టే దాని మర్యాద," అంటూ కారులో ఆ దేగ్చీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మసాలా చొక్కాకి అంటినా పట్టించుకోలేదు.

తీరా వెళ్తే అక్కడ బల్లమీద ఓట్స్. గుర్రాల దాణా! దానిమీద నాలుగు ద్రాక్షపళ్లు వేసి గొప్పగా ముందు పెట్టుకున్నారు.

వియ్యపురాలు తెహ్మీనా దేగ్చీ మూత ఎత్తి చూసి, దుపట్టా ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అన్నయ్యగారూ, పొద్దున్నే ఇంత నూనా? మా ఇంట్లో ఇవెవరూ ముట్టరు. పోనీలెండి, డ్రైవర్లూ వాచ్‌మన్లూ తింటారు."

బావ మొహం పాలిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"ఫోర్కులు కూడా పంపించండి వదినగారూ. మీ ఇంటి వాచ్‌మన్లు కదా, చేత్తో తింటారో తినరో," అన్నాను. ఆవిడ దేగ్చీని వంటింట్లోకి పంపించేసింది.

పెళ్లికొడుకు ఫవాద్ పూరీ వైపు చెయ్యి చాపాడు. తల్లి కళ్లు చూసి వెనక్కి లాక్కున్నాడు. పూరీ తినడానికి అమ్మ సెలవు కావలసినవాడికి బంగారం లాంటి పిల్లనిచ్చాం, మా బుద్ధిని చెప్పుచ్చుకుని కొట్టాలి.

బావ ఇక ఎవరినీ అడగలేదు. ఒక పూరీ తీసి కూతురి పళ్లెంలో పెట్టాడు. "నువ్వు తినమ్మా."

మెహనాజ్ అత్తగారి వైపు చూసింది. "వద్దు అబ్బూ. పొద్దున్నే నూనె నాకు పడదు."

ఆదివారం వస్తే ఆఖరి పూరీ కోసం ఈ ఖాలాతో పోట్లాడే పిల్ల అది! బావ "సరేనమ్మా" అని లేచాడు. దాని మొహం చూడకుండానే కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

"చూశారా, ఒక్క రాత్రిలో మా పద్ధతి పట్టేసింది," అని మురిసిపోతూ తెహ్మీనా లోపలికి వెళ్లింది. అప్పటిదాకా నా అసహ్యం వాళ్లమీదే. ఇప్పుడు మా పిల్లమీద కూడా వేసింది.

"పద, మా దేగ్చీ మాకిచ్చేయ్. వంటిల్లు ఎటు?" అన్నాను. మెహనాజ్ తలొంచుకుని ముందు నడిచింది.

వంటింట్లోంచి ఠక్కు ఠక్కున చప్పుడు. మూలుగ కోసం ఎముకని పళ్లేనికేసి కొట్టే చప్పుడది, ఏ లాహోరువాణ్ణి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తలుపు తోశాం. తెహ్మీనా బేగం గారు పొయ్యిగట్టు దగ్గర నిలబడి, గాజులు మోచేతుల దాకా తోసుకుని, రెండు చేతులా ఎముక పట్టుకుని జుర్రుతున్నారు. గడ్డం మీంచి నూనె కారుతోంది. ఇదీ డిఫెన్స్ నాగరికత!

"ఉప్పు సరిపోయిందా వదినగారూ?" అన్నాను. ఆవిడ నోటి నిండా మూలుగ.

మెహనాజ్ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అత్తగారిని ఎగాదిగా చూసింది. పెళ్లి గాజులు పైకి తోసుకుంది. స్టూలు లాక్కుని దేగ్చీ ముందు కూర్చుని, అందులో చెయ్యి పెట్టి అన్నింటికంటే పెద్ద ఎముక తీసుకుంది.

"ఖాలా, అబ్బూని వెళ్లనియ్యకు," అంది. "అత్తగారు నాష్తాకి రమ్మంటున్నారని చెప్పు."