గీకేసిన గాజుపలక

ఎల్మర్ స్ట్రౌడ్ ఫొటో తీసిన గాజుపలకను చన్నీళ్ల కింద తిప్పుతూ కడుగుతున్నాడు. ఫొటోలు కడిగే మందునీళ్లకు నల్లబడిన గోళ్లు పందొమ్మిదేళ్లుగా తెల్లబడలేదు. కొండమీది ఆ వేధశాలలో దూరదర్శినిని చుక్క వెంట తప్పిపోకుండా నడపడం, తీసిన పలకలు కడగడం అతని పని. రాత్రి నాలుగు గంటలు కృత్తికలనే ఏడు చుక్కల గుంపును ఫొటో తీశాడు. మెడ ఇంకా ఒక పక్కకే ఒరిగి ఉంది.

వంటమనిషి నెట్టీ కాఫీ తెచ్చింది.

"రాత్రంతా ఆ ఏడుగురు అక్కచెల్లెళ్లతోనే ఉన్నావుగా, ఒక్కతైనా కాసిని కాఫీ పోసిందా?"

అతను పలకను కిటికీకెత్తి చూపించాడు. నెగటివ్‌లో చుక్కలు నల్లగా, గుండ్రంగా పడ్డాయి. వాటి చుట్టూ దువ్విన ఉన్నిలా బూడిదరంగు పోగులు.

"పోయినవారం పలకలోనూ ఇవే, ఇదే వంపు. డైరెక్టరూ చూశాడు."

"అయితే నీ తప్పు కాదన్నమాట! పోయి ఆయన మొహాన పెట్టు."

పోయినవారం ఆ పోగులను చూసి డైరెక్టర్ విట్‌లాక్ చీకటిగదిలో పలకకు వెలుతురు తగిలి పాడైందన్నాడు. ఇంకొకటి పాడైతే శనివారం బండెక్కి పొమ్మన్నాడు. అక్కడి పద్ధతి ఒకటే. రెండు పలకల్లో కనిపిస్తే ఆకాశంలో ఉన్నట్టు, ఒక్కదానిలోనే అయితే చీకటిగదిలో తప్పు జరిగినట్టు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం విట్‌లాక్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"మొదటిది తే."

"గీకేశానండి. గాజు మళ్లీ పనికొస్తుంది, బొమ్మ గీకెయ్యమన్నారు కదండీ."

"నేను సవాలక్ష అంటాను. నీకు బుద్ధి ఉండక్కర్లేదూ?"

స్ట్రౌడ్ తల దించుకున్నాడు. చెప్పిన పని చెయ్యకుండా ఉండటం అతనికి ఏనాడూ చేతకాలేదు.

"ఒక్క పలకతో ఏం తేలుతుంది? మూడింటికి బండి. సామాను సర్దుకో."

అంటూనే పలకను కవరులో పెట్టి, పైన తన పేరు రాసి, సొరుగులో వేసుకున్నాడు.

"పాడైనదాన్ని దాచుకోవడం ఎందుకండీ?" పందొమ్మిదేళ్లలో స్ట్రౌడ్ ఎదురడిగింది అదొక్కటే.

"బండి వెళ్లిపోతుంది, స్ట్రౌడ్."

నెట్టీ రొట్టె, వేయించిన పంది మాంసం పొట్లం కట్టి ఇచ్చింది. అతను వాకిట్లో పెట్టె మీద కూర్చుని గోడకు తల ఆనించాడు.

"లే పెద్దాయనా, గుర్రాలు నీకోసం ఆగవు," అంటూ బండివాడు భుజం తట్టాడు. పొట్లం ఒళ్లోంచి జారి పడింది. స్ట్రౌడ్ లేవలేదు. నెట్టీ వచ్చి అతని కళ్లు మూసింది.

పైన వేధశాల గోపురంలో, చుక్కను ఒంటికంటితో చూసేటప్పుడు స్ట్రౌడ్ ఎడమకంటికి అడ్డం కట్టుకునే నల్లగుడ్డ, తన తలకు సరిపడా వేసుకున్న ముడి విప్పకుండానే, దూరదర్శిని మరచీలకు వేలాడుతోంది.