ఆరేసిన ఎర్ర దుప్పటి

"నువ్వెలాగూ ఇక్కడే ఉంటావు కదా," అన్నాడు ఎడ్విన్ బూట్లు పాలిష్ చేసుకుంటూ, తలెత్తకుండానే.

అతని భార్య థోరా అతని తెల్లచొక్కా కాలరుకి ఇస్త్రీ పెడుతోంది. పెద్ద దీవిలోని పట్నం కిర్క్‌వాల్ చూసి ఎన్నాళ్లయిందో అని మాత్రమే అంది తను, అంతకుముందు. అడగనైనా లేదు, అడగకుండానే జవాబొచ్చేసింది. విమానాల కంపెనీ పెట్టి పాతికేళ్లయిందని ఆ సాయంత్రం కిర్క్‌వాల్ హోటల్లో విందు. దీవికొకరు చొప్పున ఏజెంట్లందరికీ పేరు చెక్కించిన వెండి పళ్లెం ఇస్తారట. పొద్దుటి నుంచీ చిన్న విమానం దీవి దీవికీ వెళ్లి ఏజెంట్లను పోగుచేసుకుంటోంది. చిట్టచివర వీళ్ల దీవి, స్టెన్‌సే. ఇక్కడికొచ్చేసరికి మిగిలేది ఒక్కటే సీటు, పైలట్ పక్కది. పైగా నారింజరంగు కోటు తొడుక్కున్న మనిషి నిప్పులార్పే బండి పక్కన నిలబడితే తప్ప విమానం దిగకూడదు, లేవకూడదు. అది రూలు. ఆ కోటు ఎడ్విన్ కొలతలకు వచ్చిందే. చేతులు మడిచి మడిచి థోరా ఒంటికే అలవాటు పడిపోయింది.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. గొర్రెల సంతకి వెళ్తూ అదే, కౌన్సిల్ మీటింగుకి వెళ్తూ అదే, మేనల్లుడి పెళ్లికి వెళ్తూ అదే. అందులో కోపం ఉండదు, చులకన కూడా ఉండదు. ఇంట్లో పొయ్యి ఉంది, బల్ల ఉంది, థోరా ఉంది అన్నట్టు ఉంటుంది. తిట్టినా బాగుండేది, తిరిగి ఓ మాట అనడానికి వీలుండేది.

అయితే ఈ ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టి ఆమె ఇచ్చిన టీ కప్పు వంకే చూసిన రోజొకటుంది. అప్పటికామె కొత్త కోడలు. యుద్ధంలో విమానాలు నడిపిన కెప్టెన్ మన్రో అనే ఆయన దీవుల మధ్య విమానాలు తిప్పుతానని, దిగడానికి నేల వెతుక్కుంటూ పడవలో వచ్చాడు. మట్టి పరీక్షలూ కొలతలూ ఏమీ లేవు. వ్యాను ముందు సీట్లో కూర్చుని, అంచు దాకా నింపిన టీ కప్పు ఒకటి కావాలన్నాడు. థోరా పెళ్లికొచ్చిన పింగాణీ కప్పుల్లోంచి ఒకటి తీసి నింపి ఇచ్చింది. వ్యానును బీడు మీద ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తిస్తే కప్పులో టీ కప్పులోనే ఉండాలి. అదే ఆయన పరీక్ష. పక్కవాళ్ల బీడులో ఆయన ప్యాంటంతా టీ అయింది. ఎడ్విన్ వాళ్ల బీడులో సాసర్లో ఏవో రెండు చుక్కలు పడ్డాయంతే. "ఇక్కడే," అన్నాడాయన. అత్తగారు బెల్లా మాత్రం, పిల్ల కప్పు నిండా పోసిందో లేదో అని సందేహపడింది. తలుచుకుంటే థోరాకి ఇప్పటికీ నవ్వొస్తుంది. కప్పు థోరాది, బీడు ఎడ్విన్‌ది. కాబట్టి ఏజెంటు ఎడ్విన్ అయ్యాడు.

అప్పట్లో దీవి మొత్తానికీ టెలిఫోను పోస్టాఫీసులో ఒక్కటే. గాలివాన వస్తే అదీ మూగబోయేది. విమానం ఎక్కేవాళ్లుంటే దిగేది, లేకపోతే పైనుంచే పక్క దీవికి సాగిపోయేది. మరి ఎక్కేవాళ్లున్నారని పైలట్‌కి తెలియాలంటే? థోరా దండెం మీద ఎర్ర దుప్పటి ఆరేసేది. వాళ్లమ్మ స్వయంగా నేసి పెళ్లికి ఇచ్చిన దుప్పటి అది. ఎర్ర రంగు కనిపించిందంటే ఇక్కడ మనిషి ఉన్నట్టు. ఆ దుప్పటి ఎటు ఎగురుతోందో చూసి పైలట్ గాలి సంగతి కూడా కనిపెట్టేవాడు. గాలివాటం చూపించే గుడ్డ గొట్టం ఒకటి బీడులో కర్రకి కట్టే ఉండేది కానీ, ప్రతి చలికాలం అది చినిగి పీలికలయ్యేది, కొత్తది వచ్చే పడవలో పంపుతామని కంపెనీ ప్రతి ఏడూ చెప్పేది. ఆ తర్వాత రేడియో వచ్చింది. "గాలి ఎటు నుంచి?" అని పైలట్ అడగడం, వంటింటి కిటికీలోంచి దండెం వంక చూసి థోరా చెప్పడం. ఎడ్విన్‌కి ఆ దండెమంటే మొదట్నుంచీ చిరాకే. ఏజెంటు ఇల్లు కాస్త చూడముచ్చటగా ఉండొద్దా, దిగినవాళ్లకి ముందుగా నీ లంగాలే కనిపిస్తాయి అనేవాడు. అటు చూడాల్సి వస్తుందని మొహం తిప్పుకుని నడిచేవాడు.

గొర్రెల్ని బీడులోంచి తోలడం, బురదైతే బూడిద చల్లడం, ఉత్తరాల సంచి అందుకోవడం, చలికి బిగుసుకుపోయిన పైలట్‌కి వేడివేడిగా ఏదో ఒకటి పెట్టడం, అన్నీ థోరా పనులే. ఉన్ని మూటలు తూచే కాటా మీద ప్రయాణికుల్ని కూడా తూచేది. చిన్న విమానం కదా, ఎవరి బరువెంతో తెలియందే ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలదు. ఆడవాళ్లు సిగ్గుపడితే అటు తిరిగి నిలబడమనేది, అంకె పైలట్ చెవిలో మాత్రమే చెప్పేది. ఇన్నేళ్లలో దీవిలో ఎవరి బరువూ ఆమె నోటి నుంచి జారలేదు. పళ్ల డాక్టరు వచ్చాడు ఆ విమానంలో, కిచకిచమంటూ అట్టపెట్టెల్లో కోడిపిల్లలు వచ్చాయి, ఎవరో పెళ్లికూతురి కేకు థోరా ఒళ్లో పెట్టుకుని దించితే క్రీము కూడా చెదరలేదు. ఆ పనంటే ఆమెకి ప్రాణం. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఇష్టపడి చేసే పని ఎవరి కంటికీ పనిలా ఆనదు.

ఒకే ఒక్కసారి పొరపాటు చేసింది. చలికాలం పోయి ఎండ బాగా కాసిన రోజు, దుప్పటి చెమ్మవాసనేస్తోందని ఏ ఆలోచనా లేకుండా దండెం మీద వేసి, లోపలికెళ్లి బార్లీ రొట్టెలు కాలుస్తూ కూర్చుంది. కాసేపటికి విమానం దిగింది. కెప్టెన్ మన్రో వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి ప్రయాణికులెవరని అడిగాడు. పిండి చేతులతో థోరా సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన కోప్పడలేదు. రొట్టె మీద జామ్ రాసిస్తే నిలబడే తిన్నాడు. తిని, టోపీ పెట్టుకుంటూ అన్నాడు: "ఎలాగూ దిగాను కదా, రండి మిసెస్ డ్రీవర్. ఓ చుట్టు తిప్పి తీసుకొస్తాను. మీ ఇల్లు పైనుంచి ఎలా ఉంటుందో చూద్దురుగాని."

థోరా చేతులు అప్పుడే ఏప్రానుకి తుడిచేసుకుంది కూడా. వెనక నుంచి బెల్లా, "వెళ్లవే పిల్లా, వెళ్లు. రొట్టె మాడితే వాసన పైకి కూడా వస్తుందిలే," అంది. థోరా ఉండిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు దీవిలో ఎవరింటికెళ్లినా ఇదే వేళాకోళం. టీ తాగడానికి తోడు లేక థోరా విమానాన్ని పిలిపించుకుందట. ఎడ్విన్ అయితే ఇప్పటికీ కొత్తవాళ్లెవరైనా వస్తే ఆ కథ చెప్పి నవ్విస్తాడు. నవ్వేవాళ్లతో పాటు తనూ నవ్వేది. ఆ చుట్టు ఒక్కటీ తిరిగి ఉంటే ఏమయ్యేదో అని గిన్నెలు తోముతూ ఎన్నిసార్లు అనుకుందో అతనికి తెలియదు. ఆ తర్వాత కూడా ఆమెకు విమానం ఎక్కడం కుదరనే లేదు. కూతురు పుట్టబోయే ముందు మంచు కమ్మి విమానమే రాలేదు, నొప్పులతో పడవలో వెళ్లింది.

అమ్మ పోయినప్పుడు మాత్రం మంచు లేదు, ఆకాశం తేటగా ఉంది. అమ్మది అవతలి దీవి. ఈ దీవుల్లో ఆడవాళ్లు సమాధుల దాకా వెళ్లే ఆచారం లేదు. మగవాళ్లు తాళ్లు పట్టుకుని పెట్టెను దించుతారు, ఆడవాళ్లు ఇంట్లో ఉండి తిరిగొచ్చేవాళ్ల కోసం మాంసం కోసి టీ కాచి పెడతారు. థోరాకి ఆ మాంసం కోసే పనే కావాలి. అమ్మ వంటింట్లో, అమ్మ కత్తితో. ఎడ్విన్ నల్లకోటు గుండీలు పెట్టుకుంటూ, "నేను అల్లుణ్ణి, తాడు పట్టాలి. నువ్వెలాగూ సమాధి దగ్గరికి రావు. ఇక్కడే ఉండు, మరి బండి దగ్గరెవరుంటారు?" అన్నాడు. బెల్లాకి అప్పటికే మోకాళ్లు పోయాయి. పైలట్ గాలి ఎటు నుంచి అని అడిగితే, ఈశాన్యం అని చెప్పి, మొగుణ్ణి తన తల్లి అంత్యక్రియలకు పంపింది థోరా. సాయంత్రం అతనొచ్చి, అన్నీ బాగా జరిగాయి, అందరూ నిన్ను అడిగారు అని చెప్పాడు. ఆమె అతని బూట్లు విప్పి పొయ్యి దగ్గర ఆరబెట్టింది. వాటికి అంటుకున్న మట్టిని దులపబుద్ధి కాక చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

కిందటి చలికాలం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రేడియోలో మాట్లాడేదెవరు, బండి దగ్గర నిలబడేదెవరు అని అడిగితే, "అన్నీ నేనే. ఎప్పుడైనా మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది," అన్నాడు ఎడ్విన్. థోరా ఆ మాట వింటూనే ఇన్‌స్పెక్టరుకి రెండో రొట్టె వడ్డించింది. ఆయన ఎడ్విన్ పేరు మీద ధ్రువపత్రం రాసిచ్చి, ఇక మీదట ఆ పేరున్న మనిషే బండి పక్కన నిలబడాలని గట్టిగా చెప్పాడు. ఆయన విమానం లేచేటప్పుడు ఎడ్విన్ ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. మర్నాటి నుంచి మళ్లీ థోరాయే. పత్రం అద్దం కట్టించుకుని గోడకెక్కింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఇస్త్రీ అయిన చొక్కా తొడుక్కుని ఎడ్విన్ ఉపన్యాసం చదివి వినిపిస్తానన్నాడు. పళ్లెం అందుకున్నాక ప్రతి ఏజెంటూ నాలుగు మాటలు చెప్పాలట. వంటింటి మధ్యలో నిలబడి చదివాడు. కెప్టెన్ మన్రోకి కృతజ్ఞతలు, దీవి జనానికి కృతజ్ఞతలు. "అందరికంటే ముఖ్యంగా మా టెస్‌కి. బీడులోంచి గొర్రెల్ని తోలడంలో దాన్ని మించినవాళ్లు ఈ దీవుల్లోనే లేరు." అక్కడ నవ్వుల కోసం కాస్త ఆగాడు. పొయ్యి పక్కన పడుకున్న కుక్క తన పేరు విని చెవి ఎత్తింది.

"బాగుందా?"

"టెస్ ఉంది. నేను లేను," అంది థోరా.

"అది నవ్వించడానికి పెట్టాను. ఇంట్లోవాళ్లని మనమే పొగుడుకుంటే ఏం బాగుంటుంది? నీ సంగతి అందరికీ తెలుసులే."

ఎవరికి తెలుసని అడుగుదామనుకుంది. అతను అప్పటికే టై పిన్ను కోసం సొరుగులు లాగుతున్నాడు. థోరాకి కోపం రాలేదు. కోపం కన్నా లోతుగా ఏదో కదిలింది. కుక్క మీద అసూయపడే స్థితికి వచ్చానా అనిపించి, ఆ ఆలోచనకే ఒళ్లు మండింది.

బుట్టలో తడిబట్టలు తీసుకెళ్లి ఆరేసింది. మళ్లీ లోపలికొచ్చి పెట్టె అడుగు నుంచి ఎర్ర దుప్పటి తీసింది. ఉతకాల్సిన పనేమీ లేదు దానికి. తీసుకెళ్లి దండెం చివర వేసి, రెండు వైపులా క్లిప్పులు పెట్టింది. తర్వాత కూతురి పెళ్లికి కొనుక్కున్న నీలం గౌను వేసుకుని, దాని మీద నారింజ కోటు తొడుక్కుని మెడ దాకా గుండీలు పెట్టుకుంది. ఎందుకని తనను తను అడగలేదు. అడిగితే జవాబు చెప్పుకోవాలి.

"ఆ దుప్పటెందుకు ఇప్పుడు, రేడియో ఉండగా?" అన్నాడు ఎడ్విన్ బయటికొస్తూ.

"చెమ్మవాసనేస్తోంది," అంది.

గొర్రెల్ని తోలింది. రేడియోలో గాలి ఎటు నుంచో చెప్పింది. విమానం దిగి, ఇంజను ఆపకుండానే వాళ్ల ముందుకొచ్చి ఆగింది. నడుపుతున్నది కెర్‌స్టీ అనే కొత్త పిల్ల, కంపెనీకి మొదటి ఆడ పైలట్. వెనక సీట్లలో టైలు కట్టుకున్న ఏజెంట్లంతా ఎడ్విన్‌ని చూసి చేతులూపారు. అతను టోపీ సర్దుకుని అడుగు ముందుకేశాడు.

థోరా కోటు విప్పి అతని వెనక నిలబడి పట్టుకుంది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేముందు పట్టుకున్నట్టే. అతని చేతులు అలవాటు కొద్దీ వెనక్కొచ్చి కోటు చేతుల్లో దూరిపోయాయి. ఆమె ముందుకొచ్చి గుండీలు పెట్టి, చేత్తో పట్టుకునే చిన్న రేడియోని అతనికి అందించింది. అప్పుడుగానీ అతనికి కోటు రంగు కనిపించలేదు.

"ఏంటిది?"

"నువ్వెలాగూ ఇక్కడే ఉండాలి కదా. కాగితం నీ పేరు మీదే ఉంది."

"థోరా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. పళ్లెం నేను తెస్తాలే."

కెర్‌స్టీ కిటికీ తెరిచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బండి దగ్గర ఉండాల్సిన మనిషి మీరే కదా ఎడ్విన్ గారూ అని అడిగింది. కాదంటే ఇన్‌స్పెక్టరుకి చెప్పిందంతా అబద్ధమవుతుంది. ఎడ్విన్ అవునని తలూపాడు. వెనక సీట్లలో ఎవరో నవ్వారు. ప్రయాణికురాలి బరువెంత అంది కెర్‌స్టీ. థోరా అటు తిరగలేదు, చెవిలో చెప్పలేదు. ఏజెంట్లందరికీ వినబడేలా చెప్పి, పైలట్ పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

విమానం బీడు చివరిదాకా కుదుపుతూ వెళ్లి వెనక్కి తిరిగింది. ఆమెకి ఎందుకో పింగాణీ కప్పు గుర్తొచ్చింది. ఇదే నేల.

"స్టెన్‌సే, గాలి ఎటు నుంచి?" అంది కెర్‌స్టీ రేడియోలో.

గరగర తప్ప ఏమీ లేదు. కెర్‌స్టీ మళ్లీ అడిగింది. జవాబు థోరా నాలుక చివర దాకా వచ్చింది. అమ్మను పూడ్చిన రోజున కూడా తడబడకుండా వచ్చిన జవాబు అది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని, కిటికీలోంచి చూసింది. పాలిష్ చేసిన బూట్లు బురదలో దిగబడి, ఎడ్విన్ నారింజ కోటులో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. కర్రకి వేలాడుతున్న పీలికల వంక చూశాడు. ఆకాశం వంక చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆమె ఆరేసిన బట్టల వైపు తిరిగాడు.