మగ్గం గదిలో స్విచ్ డబ్బా

కొంచెం ఆగండి, ముందు ఇది వినండి. గద్వాలలో మే నెల మధ్యాహ్నం. ఒక చిన్న మగ్గం గది, తలుపూ కిటికీలూ బిగించి ఉన్నాయి. మూలన గోడకు వేలాడుతున్న ఇనుప డబ్బాలోంచి జుయ్‌మని సన్నటి చప్పుడు రావాలి. లోపలున్న చిన్న ఫ్యాన్ చప్పుడు అది. ఆ రోజు యాస్మిన్ గడప దాటేసరికి ఆ చప్పుడు లేదు.

ఆ డబ్బాలో ఉన్నది నెట్‌వర్క్ స్విచ్. లైటు వేసే స్విచ్ కాదు, ఆ వాడలోని ఇంటర్నెట్ తీగలన్నీ వచ్చి చేరే పెట్టె. పక్క వీధి దవాఖాన లైను కూడా దాంట్లోంచే పోతుంది. యాస్మిన్ ఆసిఫ్ భాయ్ నడిపే చిన్న ఇంటర్నెట్ ఆఫీసులో పనిచేస్తుంది. చలికాలంలో ఆసిఫే ఆ గది చూసి, చల్లగా ఉందని మురిసిపోయి, నేతపని చేసే విజయమ్మకు నెట్ ఊరికే ఇస్తానని చెప్పి అక్కడ డబ్బా పెట్టించాడు. మగ్గం గది ఎండాకాలంలో కూడా మూసే ఉంటుందని, ఫ్యాన్ కూడా వేయరని ఎవరికీ తట్టలేదు. వడగాలి తగిలితే పడుగు నూలు, అంటే మగ్గం మీద నిలువునా సాగదీసి కట్టిన దారాలు, ఎండి పుటుక్కున తెగిపోతుంది మరి.

పొద్దున్నుంచి ఆఫీసు కంప్యూటర్‌లో ఆ స్విచ్ వేడి చూపే అంకె పెరుగుతూనే ఉంది. యాస్మిన్ పరేషాన్ అవుతుంటే ఆసిఫ్ నవ్వాడు.

"డబ్బాకు ఎండదెబ్బ తాకిందేమో, పోయి ఇంత మజ్జిగ తాపి రాపో."

కాసేపటికి వేడి ఉన్నట్టుండి తగ్గింది. చూశావా అన్నట్టు ఆసిఫ్ కనుబొమ్మలు ఎగరేశాడు. అంతలోనే అంకె మళ్లీ లేచి, ఇందాకటికంటే పైకి పోయి, ఎర్రగా మెరవడం మొదలుపెట్టింది. యాస్మిన్ స్కూటీ తాళం లాక్కుని పరుగెత్తింది.

గదిలోకి రాగానే విషయం అర్థమైంది. డబ్బా మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. నేల మీద నీళ్లు చల్లి ఉన్నాయి. విజయమ్మ మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది, పక్కనే నీళ్ల చెంబు.

"గిదేంది పెద్దమ్మా?"

"పడుగు ఎండుతుంటే మేం గిట్లనే చేస్తం గద బిడ్డ. దానిక్కూడ ఉడుకెత్తిందని కప్పిన. పాణం అల్కగైతదనుకున్న."

మొదట నిజంగానే చల్లబడింది. తర్వాత గోనె డబ్బా చిల్లులకు అతుక్కుపోయి లోపలి వేడిని బయటికి రానివ్వలేదు. ఫ్యాన్ ఆగిపోయింది. గోనె అంచు నుంచి నీళ్లు కారి, డబ్బా కింద ఉన్న ప్లగ్గు బోర్డు మీద పడుతున్నాయి. చిట్‌మని ఒక చిన్న చప్పుడు, మళ్లీ ఇంకొకటి. కాలిన ప్లాస్టిక్ వాసన.

యాస్మిన్ డబ్బాను ముట్టలేదు. విజయమ్మను గుంటలోంచి లేపి వసారాలోకి పంపింది. మగ్గం పక్కనున్న పొడి చెక్క పలక మీద నిలబడి, పొడి కర్రతో గోనెను కిందికి లాగేసింది. కానీ నీళ్లు అప్పటికే లోపలికి పోయాయి. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. వసారాలోని కరెంటు మెయిన్ ఆపి, ప్లగ్గు పీకి, అంతా ఆరేదాకా ముట్టకూడదు. లైను ఆపే ముందు దవాఖానకు చెప్పాలన్నది వాళ్ల ఆఫీసు పద్ధతి. వసారాలోకి వచ్చి ఫోన్ చేసింది. నర్సు నిరోష ఎత్తింది, ఊపిరి ఆడనట్టు మాట్లాడుతోంది. బీచుపల్లి దగ్గర లారీ డ్రైవర్‌కు గుండెనొప్పి వస్తే ఇప్పుడే తెచ్చారట.

"అక్కా, జర ఆగు. హైదరాబాద్ పెద్ద డాక్టర్ తెర మీద గుండె గీతలు చూసుకుంట మందు ఎట్ల ఎక్కియ్యాల్నో చెప్తుండు. ఇప్పుడు బంద్ చేస్తే మా డాక్టర్ సార్ ఒక్కడే అయితడు."

"ఫోన్ల చెప్పించుకోరాదూ?"

"మాట వినిపిస్తది, గీతలు కనిపియ్యయి గదక్కా. ఆ గదిల సెల్లు నెట్ అందదు."

"ఎంతసేపు?"

"తెల్వదక్కా."

గదిలోంచి మళ్లీ చిట్‌మంది. ఈసారి బోర్డు దగ్గర నీలంగా ఒక మెరుపు. దానికి జానెడు దూరంలో పడుగు చుట్టిన దండె కర్ర, దాని పక్కన నూలు చుట్టలు, పైన ఎండిపోయిన వాసాలు. ఒక్క నిప్పు రవ్వ చాలు. మళ్లీ ఒక చుక్క జారి బోర్డు అంచున వేలాడింది.

యాస్మిన్ విజయమ్మకు సంగతంతా చెప్పింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు సందులోంచి మగ్గం వైపు చూసింది.

"మా అత్త కూసున్న మగ్గం బిడ్డ అది. ఆ మనిషి ఎవరో నాకు తెల్వదు. తెల్వకున్న ఏమాయె, ఆయన ఇంట్ల గూడ ఎవరో ఎదురుచూస్తనే ఉంటరు." "నన్నడగకు. నాతోని కాదు," అని మొహం తిప్పుకుంది.

ఒక చేత్తో చెవికి ఆనించిన ఫోన్, ఆ ఫోన్‌లో ఎవరో మందు పేరు గట్టిగా పలుకుతున్నారు. రెండో చెయ్యి మెయిన్ పిడి మీద. గోడ కాలుతోంది, ఇనుప పిడి ఇంకా కాలుతోంది, యాస్మిన్ వేళ్లు మాత్రం చల్లబడిపోయాయి. లోపల బోర్డు అంచున ఆ చుక్క లావవుతోంది.

ఆ పిడి మీద ఉన్నది మీ చెయ్యే అయితే, మీరేం చేసేవారు?