కళాయి ఆదిమూలం

వీధి మొగలో తోలుతిత్తిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకోగానే ఆదిమూలం నోరు అలవాటుగా తెరుచుకుంది. ‘కళాయీ’ అన్న కేక గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

గుడియాత్తంలోని ఈ నేతవీధిలో పెళ్ళికాని వయసు నుంచీ ఆ కేకే అతని పేరు. మొదలు ముక్కులోంచి లాగి, చివర చిన్న దగ్గుతో తెంపేవాడు. ఆ దగ్గు, పూతకు ముందు కాగిన గిన్నెలో చల్లే నవాసాగరం పొగ పెట్టిన భిక్ష. కేక వినగానే ఆడవాళ్ళు తలుపు వెనకనుంచి చెయ్యి చాపి చిలుము పట్టిన ఇత్తడి గిన్నెలను గడప మీద పెట్టేవారు. అతను వాటిని ఏటి ఒడ్డుకు మోసుకుపోయి, లోపల తగరం పూసి, పొద్దు వాలేలోగా అదే గడప మీద పెట్టేవాడు. పరాయి మగవాడి ముఖం చూడటం ఆ వీధి ఇల్లాళ్ళకు మర్యాద కాదు. అతనూ తల ఎత్తేవాడు కాదు.

పోయిన మాఘంలో ఎవడో వచ్చి అదే కేక వేశాడు, చివరి దగ్గుతో సహా. వీధి వీధంతా గిన్నెలు పెట్టింది. అవి మళ్ళీ గడపలకు చేరలేదు. మర్నాడు ఏమీ తెలియక ఆదిమూలం వచ్చి కేక వేస్తే, మగవాళ్ళు మగ్గం గుంటల్లోంచి లేచి వచ్చి కొట్టారు. పోలీసులు కొన్నాళ్ళు ఉంచుకున్నారు. దొంగ ఇతడేనని గాని, కాదని గాని చెప్పగల మనిషి ఆ వీధిలో ఒక్కరూ లేకపోవడంతో వదిలేశారు. అప్పటినుంచి వేలూరు కోట పక్క బజారులో, ఎవరడిగినా పేరు చెప్పకుండా, గిన్నెలకు పూత పూసి బతికాడు.

నిన్న దగ్గితే అరచేతిలో నెత్తురు చార కనిపించింది. దొంగ అన్న పేరుతో పోకూడదనుకుని ఉదయం రైలెక్కాడు.

ఒకప్పుడు తన కేకకు గిన్నెలు పెట్టిన ఇల్లాలు మునిరత్నమ్మ ఇంటిముందు తిత్తి దించి ఊరికే నిలబడ్డాడు. ఎదురింటి అరుగు మీద చెంగమ్మ నూలు కండెలు చుడుతోంది. ముసలామె కళ్ళు మసక. కాలి చప్పుడుకు తల ఎత్తింది.

“ఎవరప్పా అది?”

“కళాయి ఆదిమూలాన్ని, అవ్వా.”

కండె ఆగింది. “మళ్ళా వచ్చినావా నాయనా. పోయినసారి మోసింది చాలలేదా? ఈసారి నన్నుగూడా మోసుకపో. నేనూ అరిగిన ఇత్తడే.”

తలుపు వెనక గాజులు కదిలాయి. తల్లి ఇచ్చిన ఇత్తడి గుండిగను ఆ పొద్దు తన చేత్తోనే గడప మీద పెట్టానని, ఆనాటి నుంచి ఇంట్లో ఆ దెప్పు వినని పూట లేదని మునిరత్నమ్మ లోపలినుంచే చెప్పింది.

“ఆ పొద్దు అరిసిన గొంతు నీదే గదప్పా,” అంది.

“గొంతు నాదే తాయీ. మనిషే నేను గాదు.”

ఇక ఏటి ఒడ్డుకు పోనని, ఈ వాకిట్లోనే గుంట తవ్వుకుంటానని, ఒక్క గిన్నె ఇస్తే చాలునని, కూలి కూడా వద్దని అతను బతిమాలుకున్నాడు. తర్వాత తలపాగా తీసేశాడు.

“నా మొగం చూసి పెట్టుకో తాయీ. రేపు ఎవుడన్నా నా మాదిరి అరిస్తే, నేనో కాదో నువ్వు చెప్పల్ల. ఇన్నాళ్ళూ నేను తల ఎత్తలేదు, మీరు చూడలేదు. దొంగకు అదే దారి అయిపొయ్యింది.”

తలుపు జానెడు తెరుచుకుంది. మునిరత్నమ్మ చూసింది. మంట మీద వంగి వంగి కనుబొమలు కాలిపోయిన చోట నున్నటి చర్మం. ఎప్పుడూ నీరు కారే ఎడమ కన్ను. చెవి కింద తగరం చింది మానిన తెల్లమచ్చ. తన తండ్రి వయసువాడు. బిడ్డ ఒంటిమీది పుట్టుమచ్చలు చూసుకున్నంత ఓపికగా చూసి, లోపలికి పోయి పులుసు గిన్నె తెచ్చింది. గడప మీద పెట్టలేదు, చేతికే ఇచ్చింది.

గుంటలో బొగ్గులు ఎర్రబడ్డాయి. అతను గిన్నెను పట్టుకారుతో తిప్పుతూ కాచి, నవాసాగరం చల్లాడు. తెల్లటి పొగ ముఖాన్ని మింగింది. తగరం తాకించి దూది ఉండతో ఒక్క చుట్టు తుడిచేసరికి పసుపు రంగు మీద తెలుపు పాకింది. నీళ్ళలో ముంచినప్పుడు వచ్చిన చుయ్యిమన్న చప్పుడుకు మరో రెండు తలుపులు కదిలాయి.

“ఏమ్మే, పూసినాడా?” అంది చెంగమ్మ. మునిరత్నమ్మ గిన్నె తీసుకుపోయి ఆమె చేతుల్లో పెట్టింది. ముసలామె లోపలంతా వేళ్ళతో తడిమింది.

“గొంతు ఎత్తుకపోయినోడు ఈ చెయ్యి యాడ తెస్తాడులే,” అని, గోడ పట్టుకుంటూ తన ఇంట్లోకి నడిచింది.

ఆదిమూలం గోడకు చేరగిలబడ్డాడు. మునిరత్నమ్మ మజ్జిగ తెచ్చేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. తిత్తి మీద చెయ్యి మాత్రం జారి ఉంది. ఆమె రెండుసార్లు పిలిచింది.

వీధిపెద్ద సుబ్బరాయులు వచ్చి, ఈ మనిషి ఎవరు, ఏ ఊరని అడిగాడు. పోయిన మాఘంలో తాము కొట్టిన దొంగేనని గుంపులో ఎవరో గొణిగారు. వీధి మగవాళ్ళ ముందు ఎన్నడూ దాటని గడపను మునిరత్నమ్మ దాటి వచ్చింది.

“ఈయన కళాయి ఆదిమూలం. మన గిన్నెలు ఎత్తుకపోయినోడు ఈయన గాదు. ఈయన మొగం నాకు తెలుసు.”

కొట్టిన చేతులే పాడె కట్టాయి. పొద్దు వాలేలోగా అతణ్ణి ఏటి వైపు మోసుకుపోయారు.

చల్లారిన గుంట పక్కన చెంగమ్మ తెచ్చిపెట్టిన చెంబు మిగిలింది, చింతపండుతో లోపలిదాకా తోమి, పూతకు సిద్ధంగా.