చెవి విరిగిన తాయెత్తు

మా గూట్లోని బాల హోరస్‌ని చూసి మెచ్చుకోనివాళ్లు కరానిస్ ఊళ్లో లేరు. జానెడు మట్టి బొమ్మ. చంకలో కుండ, నోటి దగ్గర వేలు, మెడలో మరుగుజ్జు దేవుడు బెస్ తాయెత్తు. అందరిళ్లలో ఈ ఐసిస్ కొడుకు ముక్కు రాలి, మసిబారి ఉంటాడు. మావాడు తొమ్మిదేళ్లయినా చెక్కుచెదరలేదు. ఊరికే ఉంటాడా? చంటిపిల్లల్ని గూటి ఛాయలకు కూడా రానివ్వను నేను. నా నోటికి భయపడి ఎలుకలు కూడా అటు పోవని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

ఒక మధ్యాహ్నం కుమ్మరి హెరియూస్ పెళ్లాం సోయెరిస్ మా ఇంటికొచ్చింది. వచ్చీ రాగానే గూటి ముందు నిలబడి, బొమ్మ మెడ దగ్గరకు వంగి చూసింది.

“ఉంది,” అంది. “తమిస్థక్కా, నీ దేవుణ్ణి నాలుగు రోజులు నాకియ్యవూ?”

“ఏమే, మతిగానీ పోయిందా? కోడలికి నెలలు నిండాయి. ముందే రెండు కాన్పులు పోయాయి. ఇప్పుడు గూడు ఖాళీ చేస్తానా?”

“ఈ బొమ్మ తీసిన మా అచ్చు పగిలిపోయిందక్కా. కాలవ పొంగినప్పుడు గోడ నాని, దాని మీదే పడింది.”

“అయితే కొత్తది చేసుకోండి. మీ ఆయన చెయ్యి పడితే దేవుళ్లే వరసకట్టి వస్తారుగా.”

“ఆయనకి కళ్లు పోయాయిగా.”

ఆ సంగతి నాకు తెలియక కాదు. నోరు జారాను. ఆమె పట్టించుకోలేదు.

“ఆ మొహం మా అబ్బాయి పియోపిస్‌ది. వాడి చంకలో కుండ పెట్టి నిలబెట్టి, వాణ్ణి చూస్తూనే చేశాడాయన. మెడలో వాడి తాయెత్తునే మట్టిలో నొక్కాడు. చూడు, బెస్‌కి ఒక చెవి లేదు. వాడే కింద పడేసి విరగ్గొట్టాడు.”

ఆరేళ్ల పియోపిస్ ఆ బొమ్మ చేసిన ఏడే జ్వరంతో పోయాడు. తాయెత్తు కూడా వాడితోనే ఇసుకలోకి పోయింది. ఆ అచ్చులో తీసిన బొమ్మల కోసం సోయెరిస్ పదిహేను రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. కొన్ని పగిలిపోయాయి, కొన్ని చనిపోయినవాళ్లతో సమాధుల్లోకి వెళ్లాయి. నిక్షేపంగా మిగిలింది మా ఒక్కటే.

ఇన్నేళ్లూ పోయిన పిల్లవాడి మొహానికా నేను దీపం పెట్టింది అనుకుంటే ఒళ్లు జలదరించింది. నిండు చూలాలు ఉన్న ఇంట్లో ఆ మాట ఎత్తినందుకు కోపమూ వచ్చింది. పొమ్మని వాకిలి చూపించాను. వెళ్లకుండా గడప పక్కన కూలబడింది.

లోపలినుంచి నా కోడలు తాత్రిస్ నడుం పట్టుకుని వచ్చింది. “ఇయ్యత్తా. రోజూ పొద్దున్నే వాడి మొహం చూసే లేస్తున్నా. వాళ్లమ్మ వచ్చి అడిగితే లేదంటావా?”

సరేనన్నాను, కానీ బొమ్మ మాత్రం గడప దాటదన్నాను. సోయెరిస్ బుట్టెడు మట్టి తెచ్చి మా పెరట్లోనే కూర్చుంది. బొమ్మకు నూనె రాసి, తడిమట్టిని అద్ది, కణుపు కణుపునా నొక్కింది. మట్టి కాస్త బిగిసేదాకా దాన్ని కదపలేదు. నేను కాపలావాడిలా పక్కనే నిలబడ్డాను. పొద్దువాలే వేళకు ఆ మట్టిని అచ్చుగా ఒలిచి తీసింది. బొమ్మకు ఇసుమంత పెచ్చు కూడా లేవలేదు. దేవుణ్ణి తుడిచి మళ్లీ గూట్లో పెట్టాను.

నాలుగో రోజు కోడలు ఆడపిల్లను కన్నది. ఇద్దరూ క్షేమం. అప్పుడుగానీ నా గుండె కుదుటపడలేదు.

నెల తిరిగాక, బొమ్మలు కాల్చిన ఆవం విప్పారని తెలిసి, గంపలో ఖర్జూరాలు పోసుకుని వాళ్లింటికి వెళ్లాను. సోయెరిస్ చేతిలో కొత్త బొమ్మ ఉంది. మావాడికంటే వేలెడు పొట్టి.

“ఏంటే, దేవుడికి తిండి పెట్టలేదా?” అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. “అచ్చు ఆరితే తగ్గుతుంది, కాలితే తగ్గుతుంది. బొమ్మా అంతే. ఇంత తేడా వస్తుందనుకోలేదక్కా. ఆయన చేతికెలా ఇవ్వను?”

చివరికి ఇచ్చింది. గోడకానుకుని కూర్చున్న హెరియూస్ బొమ్మను పైనుంచి కిందికి తడిమాడు.

“వీడు కాదు,” అన్నాడు. “చిన్నగా ఉన్నాడు.”

సోయెరిస్ బిక్కచచ్చిపోయింది. నాకు ఉండబట్టలేదు. ఆయన బొటనవేలు పట్టుకుని బొమ్మ మెడ దగ్గర పెట్టాను. వేలు తాయెత్తు మీద తిరిగి, చెవి లేని చోట ఆగింది.

“దీని మీద ఇంకో అచ్చు తియ్యవే,” అన్నాడు.

“ఇంకా చిన్నవాడైపోతాడయ్యా.”

“కానియ్యి. ఎత్తుకోవచ్చు.”

ఖర్జూరాల గంప పక్కన పెట్టి, మట్టి తడపడానికి నేనే కూర్చున్నాను.